మందు బంతికి పథ్యం

రాండి, రాండి. వెనకాల నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. ఆ గోడవారన తడిగా ఉంది, ఇటు చాప మీదికి జరగండి. చెప్పులు ఒళ్లో పెట్టుకోనక్కర్లేదు, ఎవరూ ఎత్తుకుపోరు. ఆఁ, సర్దుకున్నారా? అయితే వినండి.

ఆదోనిలో పత్తి మిల్లులు గట్టిగా నడిచే రోజుల్లో ఓబులేసు అని ఒక హమాలీ ఉండేవాడు. అతనికో కష్టం ఉండేది. అతను బంతి వేస్తే పట్టుకునేవాడు ఊళ్లో లేడు. అది కష్టమని అతనికి తెలియదు. గొప్ప అనుకునేవాడు.

బంతి అంటే మీరు వీధిలో ఆడే బంతి కాదు. పెద్ద గుమ్మడికాయంత ఉంటుంది. దళసరి తోలు పట్టీలు కలిపి కుట్టి, లోపల దూదీ గుర్రపు వెంట్రుకలూ కూరి కూరి నింపినది. ఎత్తుకుంటే చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నంత బరువు. నేలకేసి కొడితే ఎగరదు. దబ్బుమని పడి, పడ్డచోటే కూర్చుంటుంది, అలిగినట్టుగా.

వెనకటికి బళ్లారి దండులో సిపాయిలు దాంతో కసరత్తు చేసేవారట. ఒంటికి మందులాగా పనిచేస్తుందని దాన్ని మెడిసిన్ బాల్ అనేవారట. అది చేతులు మారి మారి ఆదోని తాలింఖానాకు చేరింది. తాలింఖానా అంటే సాము, కుస్తీ నేర్పే చోటు. అక్కడివాళ్లు మెడిసిన్‌ను మందు చేశారు, బాల్‌ను బంతి చేశారు. అలా అది మందు బంతి అయింది. ఏయ్, నవ్వకండి. ఆ మందు కాదు.

ఆ తాలింఖానాకు గురువు హుస్సేనప్ప. దూదేకులవాళ్ల ఇంటి మనిషి. అందరూ ఉస్తాద్ అనేవారు. వయసులో ఉన్నప్పుడు గోదాలోకి దిగితే ఎదుటివాడికి ఆకాశం చూపించి గాని వదిలేవాడు కాదట. ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. గోదా పక్కన ఒక బండ మీద కూర్చుని, కుర్రవాళ్లను చూస్తూ, ఎవరి నడుము వంగిందో ఎవరి కాలు తడబడిందో అక్కణ్ణుంచే చెప్పేవాడు.

ఒకరోజు ఆయన అందరూ వినేలా ఒక మాటన్నాడు.

"పీర్ల పండగ దాటినాక నాతో కాదు నాయనా. గోదాలోకి ఇంకొకరు దిగల్ల. తాలింఖానా ఇంకొకరు చూసుకోవల్ల."

అందరి చూపులూ ఓబులేసు మీదికి పోయాయి. మిల్లులో ఇద్దరు మోసే పత్తి బేలును ఒక్కడే వీపుకెత్తుకునే మనిషి. దండీలు తీస్తే నేల అదిరేది. ఓబులేసు కూడా తలొంచుకుని, మీసం మీద చెయ్యేసుకుని, తన పేరు ఎప్పుడొస్తుందా అని చూశాడు.

ఉస్తాద్ పేరేమీ చెప్పలేదు. "పొద్దు పోతాంది, బంతి తియ్యండి" అన్నాడు.

రోజూ కసరత్తు అయిపోయాక అందరూ ఎదురెదురుగా నిలబడి మందు బంతి వేసుకోవడం అక్కడి ఆనవాయితీ. రొమ్ము దగ్గర పెట్టుకుని, రెండు చేతులతో తోసి, ఎదుటివాడికి అందించాలి. వాడు పట్టుకుని మళ్లీ తోయాలి. ఆ సమయానికి మాత్రం ఉస్తాద్ "ఓబులేసూ, నువ్వు అట్ల పోయి బస్కీలు తియ్యి" అనేవాడు.

ఎందుకలా అనేవాడో ఊరందరికీ తెలుసు. అంతకుముందు ఎండాకాలంలో ఓబులేసుకు ఎదురుగా టైలర్ మద్దిలేటి నిలబడ్డాడు. మద్దిలేటి సన్నగా, పొడుగ్గా, తను కుట్టే చొక్కాలు తగిలించే కొయ్యలాగా ఉంటాడు. ఓబులేసు "కాస్కో!" అని అరిచి బంతి విసిరాడు. మద్దిలేటి బంతితో సహా వెనక్కి పోయి గోడకు తగిలాడు. చాలా రోజులు మిషను ముందు కూర్చోలేకపోయాడు, పెళ్లిళ్ల కాలంలో. అందరూ పరుగెత్తి అతన్ని లేపుతుంటే ఓబులేసు చేతులు దులుపుకుని ఏమన్నాడో తెలుసా?

"మనం ఏస్తే పట్టేటోడు ఇంకా పుట్టల్ల."

అప్పటినుంచి మద్దిలేటి తాలింఖానాకు రావడం మానేశాడు. అతని వెనకే ఒకడికి జ్వరమొచ్చింది, ఒకడికి పొలం పనొచ్చింది, ఒకడి అక్క పురుడుకొచ్చింది. గోదా చుట్టూ మనుషులు పలచబడుతూ వచ్చారు.

ఓబులేసు మాత్రం ఇంకోలా ఆలోచించాడు. 'దాన్ని ఊరికే మందు బంతి అంటారా? లోపల ఏదో మందుంది. రోజూ రొమ్ముకు హత్తుకుంటే ఒంటికి పడుతుంది. ఉస్తాద్ అది నాకు అందనీయడం లేదు. వేరే ఎవరికో పట్టించి, వాణ్ణి నిలబెట్టాలని చూస్తున్నాడు.'

ఈ అనుమానం అతన్ని తినేసింది. ఒక సాయంత్రం అందరూ పోయేదాకా ఆగి, ఉస్తాద్ కూర్చున్న బండ దగ్గరికి పోయాడు.

"ఉస్తాద్, ఒగ మాట అడుగుతా, కోప్పడొద్దు. ఆ బంతిలో మందేముంది? నాకెందుకు దాస్తాండారు?"

హుస్సేనప్ప అతని ముఖంలోకి చూశాడు. నవ్వలేదు, కోప్పడలేదు. బండ పక్కనున్న బంతిని రెండు చేతులతో కష్టంగా లేపి అతని చేతుల్లో పెట్టాడు.

"తీస్కోని పో. నీ ఇంట్లోనే పెట్టుకో. మందు ఎట్ల పనిచేస్తాదో చూసి వచ్చి నాకు చెప్పు."

ఓబులేసు బంతిని రొమ్ముకు హత్తుకుని గబగబా వెనక్కి తిరిగాడు. ఇంత సులభంగా ఇస్తాడనుకోలేదు.

"ఆగాగు. ఏ మందుకైనా పథ్యం ఉంటాది గదా?"

"చెప్పండి ఉస్తాద్. ఉప్పు మానేయమంటే మానేస్తా. వంకాయ ముట్టను."

"అన్నీ తిను. ఒగటే పథ్యం. నీ చెయ్యి దాటినంక బంతి నేలను తాకరాదు. తాకితే ఆ పూట మందు చెడినట్టే."

ఓబులేసు చేతుల్లోని బంతిని చూసుకున్నాడు. "పైకేసుకోని నేనే పట్టుకుంటే?"

"మింగిన మందు మళ్లీ కక్కుకోవడం అది" అని ఉస్తాద్ బండ మీంచి లేచాడు.

ఇంటికి పోయేసరికి పెళ్లాం ఈరమ్మ రొట్టెలు కొడుతోంది. జొన్నరొట్టె చేతుల మీద తిరుగుతూ ఉండగానే తల తిప్పి చూసింది.

"ఏందది, గుమ్మడికాయా?"

"కాదే. మందు."

"తాగొచ్చినావా?"

"మందు బంతే! ఉస్తాద్ ఇచ్చినాడు. నాకు ఒక్కనికే."

"అట్లనా. దాన్ని యాడ పెడతావో పెట్టుకో గానీ, నా పిండి డబ్బా మీద మాత్రం పెట్టాకు."

ఆ రాత్రికి ఓబులేసు బంతిని పక్కలో పెట్టుకున్నాడు. తెల్లారి లేచి చెయ్యి ముడిచి కండ చూసుకున్నాడు. నిన్నటి కండే. బంతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. పాత చెప్పుల వాసన. దొడ్లో గోడకేసి విసిరాడు. మామూలు బంతయితే తిరిగి వచ్చేది. ఇది గోడకు తగిలి, దబ్బున కింద పడి, అక్కడే కూర్చుంది. ఆ పూట మందు చెడింది.

సరే, పట్టేవాళ్లు కావాలి కదా అని మిల్లుకు పట్టుకుపోయాడు. అన్నాల వేళకు అందరూ నీడకు చేరారు. బజారప్ప అని, అతనిలాగే గట్టి హమాలీ ఉండేవాడు. అతన్ని నిలబెట్టాడు.

"కాస్కో!"

బంతి బజారప్ప చేతులను తోసుకుని, రొమ్ముకు తగిలి, కిందికి జారింది.

"థూ! చేతులా అవి? పత్తి కట్టెలా?" అన్నాడు ఓబులేసు.

బజారప్ప రొమ్ము రుద్దుకుంటూ, "నా చేతుల్ని ఎందుకు తిడతావు? నువ్వు నాకేసినావా, నా వెనకున్న గోడకేసినావా?" అన్నాడు.

ఇంకొకడు నిలబడ్డాడు. బంతి కింద పడింది. ఇంకొకడు. మళ్లీ పడింది. ఆ మరునాటికి ఓబులేసు బంతి చంకన పెట్టుకుని వస్తుంటే చాలు, అన్నాల దగ్గర కూర్చున్నవాళ్లు టిఫిను గిన్నెలు ఎత్తుకుని లేచిపోవడం మొదలుపెట్టారు. నీళ్లు పోసే అవ్వ కడవకు తన ఒళ్లు అడ్డం పెట్టి, "నాయనా, నీ కాళ్లు మొక్కుతా, ఇది పగిలితే ఇంకోటి లేదు" అంది. అందరూ పగలబడి నవ్వారు. ఓబులేసు నవ్వలేదు.

ఆ సాయంత్రం తాలింఖానాకు పోవడానికి అతనికి ముఖం చెల్లలేదు. పీర్ల పండగ దగ్గరపడుతోంది. ఒక్క పూట కూడా పథ్యం నిలవలేదు. మందు ఏమిటో తెలియలేదు. ఇలా పోయి ఉస్తాద్ ముందు నిలబడితే గోదా తనకు దక్కుతుందా? బంతి ఒళ్లో పెట్టుకుని ఇంటి గడప మీద కూలబడ్డాడు.

అతని జేజి హనుమక్క, అంటే నాయనమ్మ, అక్కడే చేటలో శనక్కాయలు వలుస్తోంది. పళ్లు లేవు, చూపు మందగించింది. చెవులు మాత్రం బాగా పనిచేస్తాయి.

"ఏమిరా, బరువుగా ఊపిరి తీస్తాండావు. యాడన్నా ఓడిపోయినావా?"

"ఓడిపోలేదు జేజీ. నా బంతిని పట్టేటోడు ఒక్కడూ లేడు. అందరూ చేతగాని నా కొడుకులే."

"నాకియ్యి, నేను పడతా."

ఓబులేసుకు అంత దిగులులోనూ నవ్వొచ్చింది. "నువ్వా? దీని కింద పడితే అప్పడమైపోతావు జేజీ."

"నేనెట్ల పోతే నీకేమి? ఇయ్యరా అంటే!" అని చేట పక్కకు జరిపి, రెండు చేతులూ ముందుకు చాపింది. ఆ చేతులు సన్నగా వణుకుతున్నాయి.

ఓబులేసు లేచాడు. అలవాటు కొద్దీ ఒక కాలు వెనక్కి వేశాడు. జేజి చేతుల వైపు చూశాడు. వేసిన కాలు ముందుకు తీసుకున్నాడు. ఇంకొంచెం దగ్గరికి జరిగాడు. ఆమె చేతులు ఎంత ఎత్తులో ఉన్నాయో, ఎంత ఎడంగా ఉన్నాయో చూసుకున్నాడు. మోకాళ్లు వంచాడు. బేళ్లు మోసేవాడు కదా, బరువు దించడం అతనికి కొత్త కాదు. కానీ మనిషి చేతుల్లోకి ఎప్పుడూ దించలేదు.

'కాస్కో' అనడానికి నోరు తెరిచాడు. ముసలామెతో ఆ మాట అనబుద్ధి కాలేదు.

"ఇంద జేజీ" అన్నాడు.

ముద్ద చేతికిచ్చేటప్పుడు అంటాం చూడండి, ఆ ఇంద. మజ్జిగ చెంబు అందించేటప్పుడు అంటాం, ఆ ఇంద. ఆ మాట అనగానే అతని భుజాలు వాటంతటవే మెత్తబడ్డాయి. బంతి జేజి చేతుల్లోకి పోయింది. చేతులు కొంచెం కిందికి దిగాయి. కానీ ఆమె వదల్లేదు. ఒళ్లోకి లాక్కుని, మునిమనవణ్ణి ఎత్తుకున్నట్టు పట్టుకుంది.

"ఇంతేనా? దీనికేనా ఊరంతా అరుస్తాంది?" అంది జేజి. తర్వాత బోసినోటితో నవ్వి, ఉన్న బలమంతా పెట్టి దాన్ని ముందుకు తోసింది. "ఇంద!"

బంతి మూరెడు దూరం కూడా రాలేదు. ఓబులేసు మోకాళ్ల మీద పడి దాన్ని నేలకు తాకకుండా పట్టుకున్నాడు. మోచేతులు దోక్కుపోయాయి.

అతను బంతి విసరడమే గాని, ఎవరైనా ఇస్తే పట్టుకోవడం అదే మొదటిసారి. ఎవరు నిలబడి ఇచ్చారు గనక?

ఈరమ్మ లోపల్నుంచి వచ్చి చూసి, నడుముమీద చెయ్యి పెట్టుకుంది. "ముసల్దాన్ని చంపుతాండావా?"

"నువ్వు పోవే, మేము మందు తీసుకుంటాండాం" అంది జేజి.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో పని ఆగుతూ సాగుతూ నడిచింది. ఈరమ్మకు ఇచ్చేటప్పుడు ఓబులేసు గడప దాకా జరిగేవాడు. ఆమె చేతులనిండా పిండి. తోలు బంతి మీద తెల్లగా వేళ్లు పడ్డాయి. ఆమె ఇచ్చేటప్పుడు, ఆమెకు ఎడమచెయ్యి బలమని, బంతి ఎప్పుడూ అటువైపు నుంచే తిరుగుతుందని అతనికి తెలిసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి అతను గమనించలేదు. మిల్లుకు పోయాక బజారప్పను పిలిచాడు. బజారప్ప రాలేదు. ఓబులేసే పోయి, అతని ముందు నిలబడి, అతను చేతులు చాపేదాకా ఊరికే నిలబడ్డాడు. చివరికి బజారప్ప విసుక్కుంటూ చేతులు చాపాడు. బంతి పడలేదు. బజారప్ప తన చేతులను తనే చూసుకున్నాడు.

మిగిలింది మద్దిలేటి.

ఓబులేసు బంతి తీసుకుని టైలరు అంగడి ముందు నిలబడ్డాడు. మద్దిలేటి మిషను ఆపి, కత్తెర చేతిలోకి తీసుకున్నాడు.

"ఎందుకొచ్చినావు? మిగిలిన పక్కటెముకలు ఎన్నున్నాయో చూసుకోవడానికా?"

"లేదు మద్దిలేటీ."

"చొక్కా కుట్టించుకోవాలంటే వేరే అంగడికి పో. నీ కొలతలకు నా దగ్గర గుడ్డ లేదు."

అంగట్లో ఉన్న ఇద్దరు ముగ్గురు నవ్వుతున్నారు. ఓబులేసు ఎండలో అలాగే నిలబడ్డాడు. మద్దిలేటి మళ్లీ మిషను తొక్కి, చొక్కాకు ఒక చేతి కుట్టు పూర్తిచేశాడు. ఇంకో చేతి కుట్టు పూర్తిచేశాడు. తల ఎత్తి చూశాడు. ఓబులేసు ఇంకా నిలబడే ఉన్నాడు, చెమట కారుతూ.

"నువ్వు ఇట్ల నిలబడితే నా గిరాకీ లోపలికి రాదప్పా" అని మద్దిలేటి లేచి బయటికొచ్చాడు. గోడకు బాగా ఎడంగా నిలబడి, వెనక్కోసారి చూసుకుని, చేతులు చాపాడు.

"ఇంద" అన్నాడు ఓబులేసు.

బంతి మద్దిలేటి రొమ్ము దగ్గరికి, సరిగ్గా అతని రెండు అరచేతుల మధ్యకు పోయి ఆగింది. మద్దిలేటి కదల్లేదు. బంతిని ఒకసారి తిప్పి చూశాడు, ఇది ఆ బంతేనా అన్నట్టు. తర్వాత పళ్లు బిగించి, ఎండాకాలం నుంచి దాచుకున్న కోపమంతా కలిపి దాన్ని తిరిగి కొట్టాడు.

ఓబులేసు వెనక్కి తూలాడు. తూలి, అంగడి ముందు కట్టేసిన మేక మీద పడబోయి, నిలదొక్కుకుని, బంతిని మాత్రం వదల్లేదు.

"బాగా ఏసినావు" అన్నాడు, ఊపిరి తీసుకుంటూ.

మద్దిలేటి కాసేపు గుడ్లురిమి చూశాడు. ఆ మేక తాడు తెంపుకుని పోతుంటే అంగట్లో అందరూ దాని వెంట పడ్డారు. ఆ గోలలో అతనికి నవ్వు ఆగలేదు.

"రేపు సాయంత్రం వస్తాలే గోదాకు" అన్నాడు. "నీ కోసం కాదు. ఉస్తాద్‌ను చూసి చానా రోజులాయె."

పీర్ల పండగ దాటింది. ఆ మరునాటి సాయంత్రం ఓబులేసు బంతిని తుడిచి, తోలుకు నూనె రాసి, తాలింఖానాకు తీసుకుపోయాడు. మద్దిలేటి ముందే వచ్చి ఉన్నాడు. జ్వరమన్నవాడూ, పొలం పనన్నవాడూ కూడా వచ్చారు. బజారప్ప ఎప్పుడూ రానివాడు, చూద్దామని వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు.

ఓబులేసు బంతిని ఉస్తాద్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"పథ్యం చానాసార్లు చెడింది ఉస్తాద్."

"ఎవరివల్ల?"

"నావల్లే." తర్వాత మెల్లగా అన్నాడు. "మందేందో నాకు తెలియలేదు. మీరు నిలబెట్టినవాడే గోదాలో నిలబడనీ. నేను బస్కీలు తీస్తా."

హుస్సేనప్ప తలూపి, "పొద్దు పోతాంది, బంతి తీస్కో" అన్నాడు.

అందరూ గుండ్రంగా నిలబడ్డారు. ఓబులేసు మొదట మద్దిలేటికి ఇచ్చాడు. మద్దిలేటి పక్కవాడికిచ్చాడు. జ్వరమన్నవాడి చేతులు ఇంకా నీరసంగా ఉంటే, ఓబులేసు అతనికి దగ్గరగా జరిగి ఇచ్చాడు. బజారప్ప దగ్గర నాలుగడుగులు వెనక్కి వేసి, గట్టిగానే ఇచ్చాడు. బజారప్పకు అది సరిపోయింది. ఎవరి దగ్గర ఎంత నిలబడాలో అతని కాళ్లకు తెలిసినట్టుంది. బంతి వలయమంతా తిరిగింది. మళ్లీ తిరిగింది. 'ఇంద' 'ఇంద' అనే మాటే తప్ప దబ్బుమనే చప్పుడు వినపడలేదు.

కాసేపటికి హుస్సేనప్ప బండ మీంచి లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ, గోదా గట్టు దిగి, మట్టిలోకి వచ్చాడు. ఉస్తాద్ తనే ఆటకు దిగుతున్నాడేమోనని అందరూ ఆగారు.

ఆయన మధ్యలోకి రాలేదు. వరసలో మద్దిలేటికీ బజారప్పకూ నడుమ కొంచెం చోటు చేసుకుని, కొత్తగా చేరినవాడిలాగా చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఈ రోజు మా చేత ఏం చేయిస్తావు, ఉస్తాద్?" అని ఓబులేసు వైపు చూసి అడిగాడు.

ఓబులేసు వెనక్కి తిరిగి చూశాడు, ఎవర్ని పిలిచాడా అని. వెనక ఎవరూ లేరు.

అదీ సంగతి. ఏమిటా ముఖాలు? ఇంకేమీ లేదు, కథ అక్కడికే. లేవండి, లేవండి. అమ్మలు ఇప్పటికే వీధుల్లోకి వచ్చి పిలుస్తున్నారు. సంగటి వేడిమీద ఉండగానే పోయి తినండి. చిన్నవాళ్ల చేతులు పట్టుకుని పోండి, ఆ మలుపులో కంకర వేశారు.